ఏడు కోటల దారిలో వనమాల

నమోదు 1

ఈ యేడు దిగుడు ముందే వచ్చింది. మార్చి సగం కూడా కాకముందే పైన షెడ్లలో కోళ్లు ఎండదెబ్బకు కుప్పలుగా చచ్చిపోయాయి. కమిటీ సైరన్ మోగించింది. ఊరంతా మూటలు కట్టుకుని గనిలోకి దిగింది. బొగ్గు అయిపోయి ఎన్నో ఏళ్లయిన గని ఇది. రెండో లెవెల్లో ఇళ్లు, మూడో లెవెల్లో బడి, మెస్సు, దవాఖానా, నా పంపు గది. అన్నిటికంటే కింద, నాలుగో లెవెల్లో పుట్టగొడుగుల మడులు. వానలు పడేదాకా మా బతుకంతా ఇక్కడే.

నా పేరు రాజవీరు. పంపుల ఇన్‌ఛార్జిని. గనిలో నీళ్లు ఊరుతూనే ఉంటాయి, వాటిని ఆగకుండా పైకి తోడాలి. డ్యూటీలో ఏం జరిగినా రాసిపెట్టమని కమిటీ రూలు. రాస్తున్నాను.

ఈ రోజు ఇంటికి రెండేసి ఆట డబ్బాలు పంచారు. అరచేతిలో ఇమిడేంత ఉన్నాయి. పోయినసారి నాలుగు నెలలు పొద్దు మొహం చూడక జనం ఒకళ్లనొకళ్లు కొట్టుకున్నారు కదా, అందుకని ఈ ఏర్పాటు. వాటిలో ఉన్నది ఒక్కటే ఆట, 'ఏడు కోటల దారి'. మా చిన్నతనంలో వచ్చిన ఆటేనట. అప్పుడు ఒక్కరే ఆడేవాళ్లు. ఇప్పుడు తెలుగు మాటలు పెట్టి, ఇద్దరు కలిసి నడిచేలా మార్చి మళ్లీ వదిలారు. ఒక ఇంటి రెండు డబ్బాలూ ఒక జత. ఇంకొకరి డబ్బాతో కలవవు.

నా భార్య వనమాల మెస్సు లైన్లోనే డబ్బా తెరిచింది. ఆట మొదట్లో వచ్చే సంగీతం వినగానే ఆమె కళ్లు తడిశాయి.

"మా అక్క, నేను ఒక్క దుప్పట్ల దూరి ఆడేటోళ్లమయ్యా. ఐదో కోట కాడ డబ్బా ఖరాబైంది. ఆఖరి కోట ఎట్లుంటదో నేను చూడనే లే," అంది. "జర నీది గుడ తియ్యి. జోడిగ ఆడుదాం."

"యాభై దాటినంక ఈ ఆటలేందే?" అన్నాను. నా డబ్బాను పంపు గది అల్మారాలో పడేశాను.

నమోదు 2

పంపులు నాలుగూ బాగానే ఉన్నాయి. ఊట నీళ్లు చేరే సంపులో నీటిమట్టం మామూలే.

పిల్లలతో ఒక తలనొప్పి మొదలైంది. నీళ్ల పైపుల మీద ఆట డబ్బాలు పెట్టి కూర్చుంటున్నారు. గాలిలో అయితే ఈ డబ్బాల సిగ్నల్ నాలుగు గదులు కూడా దాటదు. ఇనుప పైపుకు ఆనిస్తే పైపు వెంబడి లెవెళ్లు దాటి పోతుందని ఎవరో కనిపెట్టారు. పైపు కదిలితే కీలు వదులవుతుందని అందర్నీ అరిచి పంపాను.

వనమాల మడుల పని ముగించుకుని వచ్చి, తింటూ కూడా ఆడుతోంది. ఆటలో ఎదురయ్యే మనుషులు పాతకాలం నాటకాల్లో లాగా మాట్లాడతారు. ఎవరి నోట ఏ మాట విన్నామో ఆ మాట మనకు జమ అవుతుందట, తర్వాత మనం కూడా దాన్ని వాడుకోవచ్చట. పిల్లలు బూతులు రాసుకోకుండా సొంత మాటలు టైపు చేసే వీలే తీసేశారు. మూడు రోజులుగా ఇంట్లో కూడా అదే భాష. పొద్దున నేను టీ అడిగితే, "ఓ బాటసారీ, పాత్ర నిండుకున్నది," అంది. నవ్వు ఆపుకుని చెంబు చేతికిచ్చాను.

నమోదు 3

నీటి రంగు మారింది. నిన్నటిదాకా తేటగా వచ్చిన నీళ్లు ఈ రోజు ఎర్రగా, ఇసుక కలిసి వస్తున్నాయి. నాలుగో లెవెల్ గోడ వెనక ఎక్కడో కొత్త దారి చేసుకున్నాయని అర్థం. ఇంజనీరు ముత్యంరెడ్డికి చెప్పాను. ఆయన వచ్చి, గ్లాసులో పట్టి చూసి, వేళ్ల మధ్య ఇసుక నలిపాడు.

"రేపటి నుంచి నాలుగో లెవెల్ బంద్," అన్నాడు.

ఇంట్లో చెబితే వనమాల ఒప్పుకోలేదు. "పంట కోతకొచ్చింది. ఇడిసిపెడితే వానలదాక ఊరు ఉత్త పప్పుతోని తినాలె. ఒక్క పూటల కోసుకొస్తం."

"ఇంజనీరు బంద్ అన్నడే."

"రేపటి నుంచి అన్నడు కదా. నేను ఇయ్యాల్నే పోతున్న."

ఆమెతో పాటు గోదావరి, అంకూస్ మామ వెళ్లారు. గోదావరి కిందటేడే పెళ్లయి మా ఊరికి వచ్చిన పిల్ల. అంకూస్ మామ ట్రాలీ తోసే పెద్దాయన, డెబ్బై దగ్గర పడ్డా మనిషి గట్టివాడు. వెళ్లేముందు వనమాల ఆట డబ్బాను కొంగులో ముడేసుకుంది. కోతలో కాసేపు కూర్చున్నప్పుడు ఆడుకుంటుందట. నేను మొహం తిప్పుకున్నాను.

నమోదు 4

నాలుగో లెవెల్లో పైకప్పు కూలింది.

మొదట నేల అదిరింది. తర్వాత గాలి ఒక్కసారిగా చెవులను నొక్కింది. నాలుగో లెవెల్‌కు వేసిన ఫోను తీగలో అంకూస్ మామ గొంతు వినిపించింది. "గోడ పగిలింది... నీళ్లు... తూర్పు నిచ్చెన దిక్కు పోతున్నం." తీగ తెగిపోయింది. మళ్లీ మోగలేదు.

కిందికి దిగే మెట్లదారి రాళ్లతో మూసుకుపోయింది. ముత్యంరెడ్డి బోరు మిషన్ తెప్పించాడు. మనిషి పట్టేంత కంత కొట్టగల మిషన్ ఊళ్లో అదొక్కటే. మూడో లెవెల్ నేలలోంచి, కింద తూర్పు నిచ్చెన ఉన్న చోటికి సూటిగా తవ్వడం మొదలుపెట్టారు.

పైపు మీద కొట్టి చూద్దామన్నారు కొందరు. పంపులు నడుస్తుంటే పైపంతా వణుకుతుంది, కింద ఎవరు కొట్టినా వినపడదు. పంపులు ఆపితే నీళ్లు లేస్తాయి. వాళ్లు బతికుంటే ఆ నీళ్లలోనే ఉంటారు. ఆపనని చెప్పాను.

పంపు గదిలో పైపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అప్పుడు తట్టింది. ఈ పైపు నాలుగో లెవెల్లో ఈ చివర నుంచి ఆ చివరదాకా పోతుంది. వనమాల కొంగులో డబ్బా ఉంది. దాని జత నా అల్మారాలో ఉంది.

డబ్బా తీసి పైపుకు ఆనించి మీట నొక్కాను. తెర మీద చిన్న బొమ్మ మనిషి లేచాడు. మూలన ఒక దీపం బొమ్మ, ఆరిపోయి ఉంది. దాని కింద 'మీ జత లేరు' అని రాసి ఉంది. ఏం చేయాలో తెలియక బొమ్మను ముందుకు నడిపాను. అడవిలో తోడేలు తినేసింది. మళ్లీ నడిపాను. మళ్లీ తినేసింది.

మూడోసారి చస్తున్నప్పుడు దీపం బొమ్మ పచ్చగా వెలిగింది.

నమోదు 5

దవాఖానాకు పరుగెత్తి పళ్ల డాక్టర్ నస్రీన్‌ను పట్టుకొచ్చాను. ఊళ్లో ఆఖరి కోట చూసింది ఆమె ఒక్కతే అని అందరికీ తెలుసు. మాస్కు కూడా తీయకుండా వచ్చి పైపు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"దీపం వెలిగిందంటే వనమాలక్క డబ్బా నడుస్తున్నట్టే అన్నా," అంది. "అదీ పైపుకు ఆనించే ఉండాలి, లేకపోతే మనదాకా రాదు. కావాలనే పెట్టింది."

"అయితే మాట్లాడుదాం."

"అట్లా కుదరదు. కొత్తగా ఆడేవాళ్లు అడవి చివర ఉండే వంతెన దాటితే గానీ జతను కలవలేరు. అక్క ఐదో కోట దాటిపోయింది. మనం వంతెన దాకా పోతే ఆమె వెనక్కి వచ్చి కలవాలి."

"ఎంతసేపు పడతది?"

"పిల్లలకైతే రెండు రోజులు. నాకివ్వండి."

ఆమె వేళ్లు అంత వేగంగా కదులుతాయని నాకు తెలియదు. అడవిలో తోడేళ్ల జోలికే పోకుండా అంచు వెంబడి నడిపింది. అయినా ఎదురైన ప్రతి ముసలివాడి దగ్గరా ఆగి మాట్లాడించింది. నేను ఓపిక పట్టలేక, "ముచ్చట్లకు టైముందా?" అని కసిరాను.

"మాటలు జమ చేస్తున్నా అన్నా. ఇవి లేకపోతే అక్కడికి పోయి మూగోళ్లలాగా నిలబడతాం."



మధ్యలో దీపం ఆరిపోయింది. కాసేపటికి మళ్లీ వెలిగి, మళ్లీ ఆరింది. "ఛార్జింగు మిగుల్చుకుంటోంది," అంది నస్రీన్. ఆ మాట నమ్మాలని నమ్మాను. అవతల మిషన్ రాయిని కొరుకుతున్న చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంది.

అంకూస్ మామ కూతురు మంజుల వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

వంతెన దాటాం. దీపం ఆరి ఉంది. ఎదురుచూశాం. సంపులో నీళ్లు ప్రమాదం గుర్తు దాటి చేతి వెడల్పు పైకి వచ్చాయి. నాలుగో పంపు వేడెక్కితే తడిగుడ్డలు చుట్టి నడిపించాను.

నమోదు 6

దీపం వెలిగింది. వంతెన దిగిన చోట మా ఎదురుగా నీలం పైట వేసుకున్న ఒక బొమ్మ వచ్చి నిలబడింది. దాని నెత్తి మీద మాట తేలింది.

'ఓ బాటసారీ, నీవెవరవు?'

"ఇప్పుడు మీరు పట్టుకోండి," అని నస్రీన్ డబ్బా నా చేతిలో పెట్టింది. "నేను నడిపిస్తే ఎవరో అనుకుంటది."

నేను పట్టుకున్నాను. దగ్గరికి పోదామని నొక్కితే నా బొమ్మ వంతెన కటకటాలకు గుద్దుకుంది. వెనక్కి తిప్పబోతే కత్తి దూసింది. నీలం పైట బొమ్మ కాసేపు కదలకుండా చూసింది. తర్వాత మాట వచ్చింది.

'నీకు కత్తి పట్టుట రాదు. నా వెనుక నడువుము.'

నాకు ఏడుపొచ్చింది. గుర్తుపట్టింది. నస్రీన్ నా భుజం తట్టి, "తర్వాత ఏడవండి, ముందు అడగండి," అంది.

జమ అయిన మాటల్లోంచి ఒకటి వెతికి ఇచ్చింది. పడవవాడి మాట అది. 'మీ ఓడలో ఎందరున్నారు?'

వనమాల బొమ్మ తన సంచిలోంచి మూడు దీపాలు తీసి నేల మీద వరసగా పెట్టింది. మూడూ వెలుగుతున్నాయి. మంజుల ఎప్పుడు లోపలికి వచ్చిందో నా వెనకే ఉంది. "ముగ్గురా కాకా? ముగ్గురేనా?" అంది. అవునన్నాను. గోడకు ఆనుకుని కూలబడింది.

'గాయపడినవానికి మందు కావలెను' అని తర్వాతి మాట. ఆ వెంటనే, 'నీరు మోకాలి దాకా వచ్చినది.'

గాయపడినవాడు అంటే మగమనిషి. అక్కడున్న మగమనిషి ఒక్కడే. మంజుల కూడా చదివింది.

"తూర్పు నిచ్చెన కాడ ఉన్నరా అని ఎట్ల అడగాలె?" అన్నాను.

నస్రీన్ మాటలన్నీ తిప్పి తిప్పి చూసింది. 'నీ ఇల్లు ఏ దిక్కున ఉన్నది?' అనే మాట దొరికింది. గొల్లభామ మాట. పంపాను.

వనమాల మాటతో జవాబివ్వలేదు. నడిచింది. నేను వెనకే నడిచాను. తెర మీద ఎడమవైపుకు, పడమటికి తీసుకుపోయింది. అక్కడ ఒక బావి, దాని మీద పెద్ద గిరక. ఆమె బొమ్మ బావి గట్టెక్కి గిరక కింద నిలబడింది. అక్కడి నుంచి కదల్లేదు.

నాలుగో లెవెల్ పడమటి చివర పాత హాలేజీ గది ఉంది. బొగ్గు తొట్లను తాడుతో పైకి లాగిన పెద్ద చక్రం ఇప్పటికీ అక్కడే ఉంది. దాని అరుగు మిగతా లెవెల్ కంటే ఎత్తు. తూర్పుకు బయలుదేరినవాళ్లు దారి మూసుకుపోతే అక్కడికే పోయి ఉంటారు. మనం తవ్వుతున్నది తూర్పున.

నమోదు 7

ముత్యంరెడ్డి మిషన్ దగ్గర్నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు. మొత్తం విన్నాడు.

"రాజవీరు, సగం దిగినం. ఇప్పుడు మిషన్ విప్పి పడమటికి జరిపితే, అది తప్పయితే మళ్లీ ఇటు రాను టైం లేదు. తూర్పు నిచ్చెన దిక్కు పోతున్నమని అంకూస్ స్వయంగా చెప్పిండు. నువ్వేమో ఆటల బావి సూపెడుతున్నవ్."

"ఆమె బావి గట్టెక్కి కదలకుంట నిలబడ్డది సార్."

"నిలబడితే? వంతెనకు దగ్గరున్న బావి అదొక్కటేనేమో!"

ఆయన కోపంతో అనలేదు. భయంతో అన్నాడు. ముగ్గురి ప్రాణం ఆయన మాట మీద ఉంది, ఆ సంగతి ఆయన మొహంలో కనిపిస్తోంది. నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నేను ఆడింది ఎంత, తెలిసింది ఎంత?

నస్రీన్ అంది, "సార్, ఆ బావి దగ్గర ఆటలో పనేమీ ఉండదు. నేను అంతా తిరిగాను. అక్కడ నీళ్లు కూడా దొరకవు. ఊరికే ఎవరూ పోరు."

"ఇంకోసారి అడుగు," అన్నాడు ముత్యంరెడ్డి.

'నీ మాట సత్యమేనా?' అని పంపాను.

'నా ప్రాణము సాక్షిగా చెప్పుచున్నాను.' అదొకటి వచ్చింది. వెంటనే ఇంకొకటి. 'నీరు నడుము దాకా వచ్చినది.'

ముత్యంరెడ్డి తెరను చూస్తూ నిలబడ్డాడు. మూతి తుడుచుకున్నాడు. తర్వాత బయటికి పోయి అరిచాడు. "మిషన్ ఆపుండ్రి! విప్పుండ్రి! పడమటికి!"

మిషన్ చప్పుడు ఆగింది. పంపుల మోత ఒక్కటే మిగిలింది. నస్రీన్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మనుషులు మిషన్ ముక్కలను భుజాల మీద మోసుకుంటూ మా తలుపు ముందు నుంచే పరుగెత్తారు.

వాళ్లు అవతల మిషన్ బిగిస్తుండగా వనమాల బొమ్మ గట్టు దిగి, నేల మీద పెట్టిన దీపాల దగ్గరికి వచ్చింది. నేను కూడా వెనకే వెళ్లాను. మూడు దీపాల ముందు చాలాసేపు నిలబడింది. వంగి ఒక దీపాన్ని తీసి సంచిలో పెట్టుకుంది. రెండు మిగిలాయి.

ఏ మాటా పంపలేదు. ఆ సంగతి చెప్పే మాట ఆ ఆటలో ఉందో లేదో కూడా నాకు తెలియదు.

వెనక మంజుల ఉంది. తెరకు చెయ్యి అడ్డం పెట్టాలనుకున్నాను. అప్పటికే చూసేసింది.

"కాకా, మూడుండె కదా."

నస్రీన్ లేచి ఆమెను పట్టుకోబోయింది. మంజుల పట్టుకోనివ్వలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, కాసేపు ఊగి, తర్వాత తీసి అంది. "మిషనోళ్లకు చెప్పకుండ్రి. చెప్తే చేతులు ఆడయి. ఇంక ఇద్దరున్నరు."

తర్వాత ఆమె మెస్సుకు పోయి, మిషన్ వాళ్లకు నీళ్ల బిందె మోసుకొచ్చింది. అడిగిన ప్రతివాడికీ ముగ్గురూ ఉన్నారనే చెప్పింది.

నా తెర మీద దీపం బొమ్మ ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

నమోదు 8

కంత పడింది. పడమటి హాలేజీ గది పైకప్పులోంచి, చక్రానికి మూరెడు పక్కన.

ముందు గాలి బుసకొట్టింది. తర్వాత గోదావరి గొంతు, "ఇక్కడ! ఇక్కడ!" అని. తాడు వేశారు. గోదావరి పైకి వచ్చింది, వణుకు వల్ల పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. తర్వాత వనమాల. రొమ్ముల దాకా బురద, నుదుటి మీద ఎండిన రక్తం. నేను పట్టుకున్నాను. ఒళ్లు మంచుముద్దలా ఉంది. ఆమె నన్ను చూసింది. నా చేతులు విడిపించుకుని, గోడ దగ్గర నిలబడ్డ మంజుల దగ్గరికి పోయి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"రాయి తొడ మీద పడ్డది బిడ్డా. అయినా గా చక్రం మీదికి మమ్ముల ఇద్దర్ని ఆయనే ఎక్కిచ్చిండు. కట్టు కట్టినం. నెత్తురు ఆగలే."

అంకూస్ మామను తాడుతో పైకి తెచ్చేటప్పటికి నీళ్లు చక్రాన్ని ముంచేశాయి. ముత్యంరెడ్డి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాలుగో లెవెల్‌ను ఈ రోజే మూసేస్తున్నాం. నాలుగు పంపుల్లో రెండు ఆపాను.

నమోదు 9

దిగుడులో పోయినవాళ్లను వానలదాకా పక్క సొరంగంలో ఉంచి, తర్వాత పైకి తీసుకుపోవడం కమిటీ పద్ధతి. మంజుల ఒప్పుకోలేదు.

"మా నాయినను ఇంకో పూట కూడ మన్ను కింద ఉంచ. పైకి తీస్కపోత," అంది.

కమిటీ వాళ్లు ఎండ సంగతి చెప్పారు, వడదెబ్బ సంగతి చెప్పారు. ఆమె వింటూ కూర్చుంది, చివరికి అదే మాట అంది. పొద్దు వాలే వేళకు బయలుదేరాం. పాడె మోయడానికి అనుకున్నదానికంటే ఎక్కువ మందే వచ్చారు. భుజాలు మార్చుకుంటూ ఏటవాలు సొరంగం ఎక్కాం. వనమాలను రావద్దని నస్రీన్ చెప్పింది, నేనూ చెప్పాను. తడిబట్ట నెత్తిన వేసుకుని పాడె వెనకే నడిచింది.

పైన తలుపు తీయగానే వేడి మొహానికి తగిలింది. పొద్దు వాలినా నేల ఇంకా కాలుతోంది. రేకుల షెడ్లు వంకర్లు పోయి ఉన్నాయి. చెట్టూ చేమా ఏదీ పచ్చగా లేదు. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడితే గొంతు ఎండిపోతుంది. పారలతో తొందరగా తవ్వారు. మెత్తటి మన్నే, కానీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

మంజుల తండ్రి మొహం మీద గుడ్డ సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఆఖరుకు ఏమన్నడు చిన్నమ్మా?"

వనమాల తడిబట్ట కొసతో ఆయన నుదురు తుడిచింది.

"పైన పొద్దు గూకిందా అని అడిగిండు. గూకింది మామా అన్న. సల్లగయిందా అన్నడు." చుట్టూ వేడి గాలి దుమ్ము లేపుకుంటూ పోయింది. "మస్తు సల్లగయిందని చెప్పిన. గాలి వస్తుందని చెప్పిన. మబ్బు గుడ పట్టిందని చెప్పిన. అవన్నీ ఉన్నయని నమ్మి కండ్లు మూసిండు."

మంజుల ఆమె వైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచిగ చెప్పినవ్ చిన్నమ్మా," అంది.

ఇద్దరూ కలిసి మొదటి పిడికెడు మన్ను వేశారు. తర్వాత మేమందరం వేశాం. చీకటి పడుతుంటే కిందికి దిగాం. వనమాల ఏటవాలు సొరంగంలో ఒకసారి ఆగింది, నా మోచెయ్యి పట్టుకుంది, కింద మా ఇంటిదాకా వదల్లేదు.